తివాచీ తొక్కని దొంగ

గుర్రపుబండ్ల కాలం నాటి మాట. వాన వెలిసిన ఒక ఉదయం, తోటమాలి భార్య అపరాధ పరిశోధకుడి గుమ్మంలో నిలబడి భోరుమంది.

“అయ్యా, మా ఆయన్ని ఠాణాకి పట్టుకుపోయారు. భవంతిలో కంఠహారం పోయిందట, హాలంతా ఆయన బూట్ల అచ్చులేనట! ముప్ఫై ఏళ్ళుగా వంటింటి గడప దగ్గరే బూట్లు విప్పే మనిషండీ. రేపు కోర్టులో పెడితే ఇక ఇంటికి రాడు.”

పరిశోధకుడు గొడుగు అందుకున్నాడు. ఆయన సహాయకుడు మాజీ బడిపంతులు, గురువుగారు తుమ్మినా రాసుకునే రకం. పుస్తకం చంకన పెట్టుకుని వెంట నడిచాడు.

భవంతి హాల్లో కిటికీ తెరిచి ఉంది. బీరువా తాళం విరిగి ఉంది. మధ్యలో పాతకాలపు ఎర్ర తివాచీ.

“నిన్న మధ్యాహ్నం ఇంట్లో ఎవరున్నారు?”

“మేమిద్దరం కంసాలి దగ్గరికి వెళ్ళాం,” అన్నాడు యజమాని. “అమ్మ హారం కరిగించి, మా ఆవిడకి కొత్త నమూనాలో చేయిద్దామని మాట్లాడటానికి. అక్కయ్య ఒక్కతే ఉంది.”

“మేడమీద పడుకున్నాను. ఏ చప్పుడూ వినలేదు,” అన్నది అక్కగారు. ఆమె ఒళ్ళో ఎర్ర ఊలు బుట్ట ఉంది.

“ఆ తివాచీకి అతుకులు వేయడమే వదినకి పని,” అని నవ్వింది యజమాని భార్య. “అత్తగారు నేసిందట. తీసేద్దామంటే ఒప్పుకోదు.”

“తోటమాలి బూట్లు ఎక్కడ పెడతాడు?”

“వెనక వసారాలో, వంటింటి గడప పక్కన. అందరికీ తెలిసిందే.”

సహాయకుడు నేలమీద వంగి కొలిచాడు. “అచ్చుల్లో మడమల దగ్గర బురద బాగా అంటింది, వేళ్ళవైపు మాత్రం ఈడ్చినట్టున్నాయి. కిటికీ నుంచి బీరువాకి తిన్నగా పన్నెండు అడుగులైతే, వీడు గోడవారగా చుట్టు తిరిగి ఇరవై మూడు వేశాడు. ఏం దొంగ గురువుగారూ!”

“అదే రాసుకో.”

మర్నాడు పొద్దున్నే, ఠాణా అధికారి తోటమాలిని తీసుకొచ్చాడు. వెనకే అతని భార్యా వచ్చింది. అందరూ చేరాక పరిశోధకుడు బురద బూట్లతో వచ్చి, తిన్నగా తివాచీ మీదికి కాలెత్తాడు.

“అయ్యో, ఆగండి!” అని అక్కగారు అరిచింది.

ఆయన కాలు వెనక్కి తీసుకున్నాడు. “ఆ పెద్ద బూట్లలో నడిచినవి చిన్న పాదాలు. తివాచీని తొక్కలేక చుట్టు తిరిగాయి.”

“తోటమాలి కూడా భయపడి చుట్టు తిరగొచ్చుగా?” అన్నాడు సహాయకుడు.

“అతనైతే కిటికీ దగ్గరే బూట్లు విప్పేవాడు. అచ్చులే ఉండేవి కావు. అమ్మా, ఆ బుట్ట ఇలా ఇస్తారా?”

ఊలు ఉండల కింద హారం మెరిసింది.

“అడిగితే ఇచ్చేవాణ్ణి కదక్కా!”

“కరిగించొద్దని రెండుసార్లు అడిగాన్రా. నువ్వు వినిపించుకోలేదు.” ఆమె తోటమాలి వైపు తిరిగింది. “పెద్ద బూట్ల అచ్చులు చూసి ఎవరో బయటి దొంగ అనుకుంటారనుకున్నాను. తీరా నిన్ను పట్టుకుపోతుంటే నా నోరు పెగల్లేదు. సిగ్గుతో చచ్చిపోతున్నాను.”

యజమాని తలొంచుకున్నాడు. ఇక కేసు లేదన్నాడు. అధికారి సాక్ష్యంగా పట్టుకెళ్ళిన బూట్లు తిరిగిచ్చేశాడు. ముసలి తోటమాలి వాటిని తొడుక్కుని వెళ్ళబోయాడు.

“అలా వెనకనుంచి కాదు,” అన్నది అక్కగారు. “ముందు గుమ్మంలోంచి వెళ్ళు. తివాచీ మీంచే.”

అతను అలవాటుకొద్దీ వంగి బూట్లు విప్పబోయాడు.

“విప్పకు.”

ముసలాయన ఆమెను చూశాడు. భార్యను చూశాడు. తర్వాత నిటారుగా, ఎండిన బురద రాలుతుండగా, తివాచీ మధ్యలోంచి నడిచి వెళ్ళాడు. సహాయకుడు అడుగులు లెక్కపెట్టడం మరిచిపోయాడు.