రిహానా మోచేయి

ఆ ఆదివారం నీడకు గాలి కొట్టే వంతు చౌడేశ్వరిది. ముందు చక్రానికి ఎనభై, వెనక చక్రానికి ఎనభై అయిదు. రిహానా అంతే కొట్టుకునేది కాబట్టి నీడకూ అంతే కొట్టాలి. తర్వాత వీపు గుడ్డ బిగించాలి. సన్నటి కడ్డీల మీద పరిచిన ఆ గుడ్డ సరిగ్గా రిహానా వీపంత వెడల్పు ఉంటుంది. హ్యాండిల్ మీదికి వంగినప్పుడు ఆమె భుజాలు ఎంత ఎత్తున ఉండేవో అంత ఎత్తున నిలబడుతుంది. కొలత తప్పితే వెనక తొక్కేవాళ్లకు గాలి చాటు తగ్గుతుంది. మనిషి లేని సైకిలుకు ఇంత సేవ ఎందుకని మొదటి వారం సణిగినవాళ్లు కూడా అయిదో వారానికి నోరెత్తడం మానేశారు.

కోచ్ ఓబులపతి సార్ పలక తెచ్చి, రిహానా తొక్కిన తీరు నమోదైన బలపత్రాన్ని నీడలోకి ఎక్కించారు.

"పోయినేడు ఇదే వారంది పెడతాండా మా. ఆ పొద్దు బాగా తొక్కింది ఆ పాప."

చౌడేశ్వరి హ్యాండిల్ మీది చిన్న తెర వెలిగింది. నలభై నాలుగు, రిహానా, నూరు. ఆ నూరు పోయిన ఏడాది ఒక ఆదివారం ఉదయం రిహానా ఒంట్లో ఉన్న మొత్తం బలం. ఈ రోజు డెబ్బై కిలోమీటర్ల రోడ్డు మీద అది కొంచెం కొంచెంగా ఖర్చవుతుంది. సున్నా అయ్యాక నీడ ఎడమ పక్కకు తప్పుకుని రోడ్డు అంచున ఆగిపోతుంది. ఇంతవరకూ ఏ పందెంలోనూ అరవై రెండో కిలోమీటరు దాటలేదు.

మాఘమాసంలో అయిదు వారాంతాలు, శనివారం ఒకటి, ఆదివారం ఒకటి, మొత్తం పది పందేలు. శివరాత్రి వెళ్లిన మర్నాటి నుంచి ఎండమూత. ఇక పగటిపూట రోడ్డు మీద సైకిలు కనపడకూడదు. మిగతా ఏడాదంతా గదిలో, గోడ మీద కదిలే బొమ్మ రోడ్డు చూసుకుంటూ తొక్కడమే. అందుకే ఈ అయిదు వారాల కోసం కాలేజీ జట్లన్నీ కళ్లలో వత్తులు వేసుకుని ఎదురుచూస్తాయి. ఆఖరి పందెంలో మొదటి ముగ్గురికి లంబసింగి శిబిరంలో చోటు ఉంటుంది. అక్కడి చలి వల్ల ఎండమూత వర్తించదు. ఏడాది పొడవునా నిజమైన రోడ్డు, నిజమైన గాలి. చౌడేశ్వరి పందొమ్మిదేళ్ల బతుకులో అంతకంటే పెద్ద కోరిక ఇంకొకటి లేదు, రిహానా ఒక్కసారి మాట్లాడితే బాగుండునన్న కోరిక తప్ప.

నలుగురు లేని జట్టుకు పందెంలో చోటు లేదు. జట్టులో ఒకరు జబ్బు పడితే వాళ్ల అనుమతితో నీడను నడపవచ్చు, ఒకే ఒక్క మాఘం. ఆఖరి పందెం రోజు మధ్యాహ్నానికి బలపత్రం చెరిపేయాలి. ఒక మనిషి బలాన్ని ఏళ్ల తరబడి వాడుకోవడం న్యాయం కాదని నియమావళి చెబుతుంది. పందేలు నడిపే తీర్పరి యంత్రానికి న్యాయం అనే మాట తెలిసింది ఆ ఒక్క వాక్యంలోనే. ఈ రోజే ఆఖరి పందెం.

"మోచెయ్యి ఆడిస్తే పట్టించుకోవద్దు," అన్నారు ఓబులపతి సార్, ప్రతి వారం అన్నట్టే. "దాని బలమంతా నీకే ఖర్చు కావాల. దాని చాటునే ఉండు."

ముందు తొక్కేవాళ్లు అలసిపోతే కుడి మోచేయి కొంచెం ఆడిస్తారు. ఇక నువ్వు రా, కాసేపు గాలి నువ్వు మోయి అని దాని అర్థం. రిహానా రెండుసార్లు ఆడించేది. నీడ తయారుచేసినవాళ్లు ఆ అలవాటు తీసేయాలని చూశారు గానీ కుదరలేదు. బలమూ అలవాటూ ఒకే నేతలో పడ్డాయి, ఒక పోగు లాగితే బట్టంతా ఊడుతుందన్నారు. దాంతో నీడ తన కడ్డీ మోచేయి ఆడిస్తూనే ఉంది, జట్టు చూడనట్టు నటిస్తూనే ఉంది.

ఏడు గంటలకు పందెం మొదలైంది. ధర్మవరం పొలిమేర దాటేసరికి అరవై మంది గుంపు సాగి దారమైంది. ముప్ఫయ్యో కిలోమీటరు దగ్గర తిరుపతి అమ్మాయిలిద్దరు ముందుకు దూకి మళ్లీ కనపడకుండా పోయారు. చౌడేశ్వరి జట్టులో మిగతా ఇద్దరూ వెనకబడ్డారు. నలభై అయిదు దాటాక రోడ్డు మీద తనూ నీడా మిగిలారు. వెనక నిమిషం దూరంలో ఎనిమిది మంది తరుముకొస్తున్నారు. లెక్క తేలికే. నీడ అరవై వరకూ లాగితే, మిగతా పది ఒంటరిగా తొక్కి మూడో స్థానం దక్కించుకోవచ్చు.

చెన్నేకొత్తపల్లి దాటగానే రోడ్డు గాలికి ఎదురు తిరిగింది. దూరంగా రామగిరి కొండ మీద గాలిమరలు తిరుగుతున్నాయి. చౌడేశ్వరి ముఖానికి జానెడు దూరంలో ఆ గుడ్డ వీపు ఉంది. చిన్న మిట్ట రాబోతుందనగానే నీడ సీటు మీంచి లేస్తుంది, అచ్చం రిహానాలాగా, అవసరానికి కాస్త ముందే. రెండేళ్లు ఆ వీపునే చూసింది చౌడేశ్వరి. అప్పుడైతే మిట్ట దిగాక ఆ మనిషి వెనక్కి తిరిగి "ఉండావా, పోయినావా?" అని ఎగతాళి చేసేది. నీడ వెనక్కి తిరగదు. అంత దగ్గరగా ఉండి, ఒక్కసారైనా తిరగని ఆ వీపును చూస్తూ తొక్కడం పది పందేలలోకీ కష్టమైన పని.

కార్తీకంలో వచ్చిన దుమ్ముగాలి రిహానా ఊపిరితిత్తులను పాడుచేసింది. ఆసుపత్రిలో చేరిన మూడో రోజున చౌడేశ్వరి చూడటానికి వెళ్లింది. చూడటానికే వెళ్లానని ఆమె తనకు తాను వందసార్లు చెప్పుకుంది. కానీ సంచిలో ఓబులపతి సార్ ఇచ్చిన అనుమతి కాగితం ఉంది. రిహానా దాన్ని పూర్తిగా చదివి సంతకం పెట్టింది. ముక్కుకు గొట్టం ఉంది, మాట చిన్నగా వచ్చింది.

"నువ్వొస్తావనుకుంటి మే. కాగితమొస్తాదనుకోలేదు."

అంతే. తర్వాత కదిరిలోని ఇంటికి తీసుకుపోయారు. గాలిని వడకట్టే గదిలో పెట్టారు. పదకొండు వారాలుగా చౌడేశ్వరి పంపిన కబుర్లలో ఒక్కదానికీ జవాబు లేదు. ఇంక ఎన్నడూ రాదేమోనన్న భయంతోనే ఆమె ఇంకో కబురు పంపేది.

యాభై ఏడో కిలోమీటరు. తెర మీద పద్నాలుగు. నీడ కుడి మోచేయి రెండుసార్లు ఆడించింది.

చౌడేశ్వరి చూసింది. నాలుగు వారాలు చూసినట్టే చూసింది, తల దించుకుంది. నీడ మళ్లీ ఆడించింది. పదమూడు పాయింట్ ఎనిమిది. ఇంకో నాలుగైదు కిలోమీటర్లకు ఈ వీపు పక్కకు తప్పుకుంటుంది. మధ్యాహ్నానికి దీన్ని చెరిపేస్తారు. ఆ తర్వాత రిహానా లేచే తీరు, వంగే తీరు, అడిగే తీరు లోకంలో ఎక్కడా ఉండవు. చౌడేశ్వరికి ఏడుపు వచ్చింది. గాలికి కన్నీళ్లు చెవుల వైపు పాకాయి. ఆమె గేరు మార్చి, కుడి పక్క నుంచి నీడను దాటి ముందుకు వచ్చి నిలిచింది.

ఎదురుగాలి మీద పడింది. అది ఎంత బరువో ఆమె మరిచిపోయింది.

"చౌడేశ్వరీ!" చెవిపలుకులో సార్ గొంతు. "ముందుకేమిటికి పోతివి మా? ఎనక్కి రా!"

"పిలుస్తాంది సార్."

"ఎవురు?"

"రిహానా."

"అది రిహానా కాదు మా. కడ్డీలు, గుడ్డ."

"తెల్సు సార్."

"తెలిసి ఇట్ల చేస్తావా? నీకు కాళ్లు అయిపోతాయి, ఎనకొచ్చేవాళ్లు మింగేస్తారు నిన్ను."

ఆమె హ్యాండిల్ మీదికి ఇంకా వంగింది. మాట్లాడేంత ఊపిరి లేదు. నీడ తన వెనక చక్రానికి అంటుకుని వస్తోంది. గాలి చాటున ఉన్నందుకు దాని ఖర్చు తగ్గింది. కిలోమీటరుకు ఒకటీ చిల్లర. నీడను గాలి చాటున పెట్టి లాగిన మనిషి ఇంతవరకూ ఎవరూ లేరు. అలాంటి పని ఎవరైనా చేస్తారన్న ఊహ కూడా తీర్పరికి లేదు. అరవై రెండు దాటింది. పైన ఎగురుతూ పందెం చూసే దారికన్ను కిందికి దిగి ఒకసారి నీడను, ఒకసారి ఆమెను చూసి మళ్లీ లేచింది. అరవై ఆరు. తరుముతున్న ఎనిమిది మంది ఇరవై సెకన్ల దూరంలోకి వచ్చారు. తొడలు మండుతున్నాయి, నోట్లో ఇనుము రుచి. లంబసింగి రోడ్డు ఒక్క క్షణం కళ్ల ముందు మెదిలింది. పచ్చగా, మంచులో. ఆమెకు అది కావాలి. ఇప్పటికీ కావాలి.

రామగిరి గాలిమరల కింద తెల్లగీత కనిపించింది. మూడు వందల మీటర్లు. తెరలో ఒకటి. చౌడేశ్వరి కుడికి జరిగి, తొక్కడం ఆపి, తన మోచేయి ఆడించింది. రిహానా వీపు ఆమె పక్క నుంచి ముందుకు పోయింది. సీటు మీంచి లేచింది. ఎదుట ఎవరూ లేని రోడ్డు మీద గీత దాటింది. వెనకే చౌడేశ్వరి, ఆ వెనక ఒక్క చక్రం తేడాతో తరుముకొచ్చినవాళ్లు.

గీత దాటినవాళ్లు అక్కడ నిలబెట్టిన మాటల గొట్టం దగ్గరికి వచ్చి తమ నంబరు, పేరు పలకాలి. గొంతు సరిపోతేనే స్థానం ఖాయం. పది నిమిషాల్లో పలకకపోతే తర్వాతివాళ్లకు పోతుంది. తిరుపతి అమ్మాయిలిద్దరూ పలికారు. తెర మీద మూడో వరుసలో నలభై నాలుగు వెలిగి ఆరుతోంది. గొట్టం దగ్గర ఎవరూ లేరు. గీత అధికారిణి జయంతమ్మ కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు.

"మొదట గీత దాటినవారు నలుగురు, వారిలో వచ్చినవారు ముగ్గురు," అంది తీర్పరి. కాసేపాగి మళ్లీ అదే అంది.

ఓబులపతి సార్ పరుగున వచ్చారు. "నీడను వెనక్కి తీసుకుంటాండామని ఒక్క మాట చెప్తే మూడోది నీకొస్తాది. చెప్పేదా?"

"వద్దు సార్."

"లంబసింగి మా!"

"వద్దు సార్. దాని పేరు అది పలకనీండి."

ఆయన రోడ్డు అంచున కూలబడి తల పట్టుకున్నారు. జయంతమ్మ నియమావళి తిరగేశారు. గీత దాటినవారి గొంతు అందకపోతే నమోదైన ఇంటికి కబురు చేయాలని ఉంది. మనిషి గీత దగ్గర ఉండాలని మాత్రం ఎక్కడా లేదు. రాయాల్సిన అవసరం వస్తుందని ఎవరూ అనుకోలేదు. ఆమె కదిరికి కలిపారు. ఏడు నిమిషాలు అయ్యాయి. ఎనిమిది. చౌడేశ్వరి సైకిలుకు ఆనుకుని నిలబడింది.

మైకులో ముందు గాలి యంత్రం హోరు వినిపించింది. తర్వాత ఒక దీర్ఘమైన ఊపిరి.

"నలభై నాలుగు," అంది ఒక గొంతు. "రిహానా."

మూడో వరుస ఆరడం మానేసి నిలకడగా వెలిగింది. తీర్పరి మాత్రం మొత్తం కూడలేక అక్కడే ఆగిపోయింది. పది కాలేజీల కోచ్‌లు ఒకేసారి అరవడం మొదలుపెట్టారు. జయంతమ్మ చెయ్యెత్తి అందరినీ ఆపారు.

"నాకెంతోది వచ్చె మేడం?" అంది రిహానా.

"మూడోది మా."

"ఇంకొకసారి చెప్పండి."

"మూడోది."

రెండేళ్లు చౌడేశ్వరి కోసం గాలి మోసి, ఒక్క పందెమూ చివరిదాకా తొక్కని మనిషి అటు పక్కన ఆ మాటను తనే ఒకసారి అని చూసుకుంది. తర్వాత, "ఆడ చౌడి ఉండాదా?" అంది.

జయంతమ్మ గొట్టాన్ని చౌడేశ్వరి వైపు తిప్పారు.

"ఉండా మే," అంది చౌడేశ్వరి.

"నాలుగు వారాల్నుంచి చూస్తాండా. ఒక్క పందెం ఇడిసిపెట్టలా. అది నువ్వు రా, నువ్వు రా అని మోచెయ్యి ఆడిస్తానే ఉంటాది, నువ్వు తల వంచుకుంటావు. అది పిలిచినప్పుడల్లా నేనే పిలిచినట్టుండె నాకు."

చౌడేశ్వరికి సార్ పేరు, నియమావళి, పందెం అన్నీ నాలుక చివరిదాకా వచ్చాయి. ఒక్కటీ చెప్పలేదు.

"తప్పయిపోయింది రిహానా," అంది. "ఇప్పుడే బయల్దేరుతాండా."

"లోపలికి రానీరు. కిటికీ బయటే నిలబడాల."

"నిలబడతా."

కదిరి డెబ్బై కిలోమీటర్లకు పైనే. చౌడేశ్వరి నీళ్ల సీసా నింపుకుంది, చక్రాల్లో గాలి నొక్కి చూసుకుంది. ఫలితాల తెర ముందు గొడవపడుతున్న గుంపును తప్పించుకుని, సైకిలు ఎక్కి రోడ్డు పట్టింది.