సూది మార్చాం, సిరంజి మార్చలేదు

“మీ సూదుల పాపం తెచ్చి మా ఇంటాయన కత్తికి అంటగట్టినారు. సిగ్గు లేదేటమ్మా మీకు?”

డయాలసిస్ హాలు గుమ్మంలో నిలబడి నీలమ్మ అన్న మాటకు లోపల యంత్రాలు తప్ప అందరూ ఆగిపోయారు. హెడ్ నర్సు హైమవతి చేతిలో సిరంజి అలాగే ఉండిపోయింది.

నీలమ్మ భర్త సింహాద్రిది బజారులో సెలూన్. ఉద్దానంలో చాలామందిలాగే అతనికీ కిడ్నీలు పాడయ్యాయి. రక్తం శుద్ధి చేయించుకోవడానికి ఇక్కడికే వస్తాడు. ఇప్పుడూ ఆ మూల మంచం మీదే ఉన్నాడు. ఈ వేసవిలో ఇక్కడి రోగులకు ఒకరి తర్వాత ఒకరికి, నెత్తురు ద్వారా అంటుకునే కాలేయ రోగం హెపటైటిస్ సి బయటపడింది. వాళ్లలో చాలామంది సింహాద్రి దగ్గరే గడ్డం గీయించుకుంటారు. డయాలసిస్ కేంద్రం పెద్దలకు అది చాలింది. పేదవాడి కత్తి దొరికాక ఇంకెక్కడ వెతుకుతారు? సెలూన్ కుర్చీ ఖాళీ అయిపోయింది. హైమవతి కూడా తన భర్తను అటు వెళ్లొద్దంది.

ఎందుకంటే ఆస్పత్రిలో తప్పు జరగదు. ‘శుద్ధిపొర’ వచ్చాక చేతులు కడుక్కోవడమే పోయింది. డ్యూటీ ఎక్కగానే గోడలోని యంత్రంలో చేతులు పెడితే కంటికి కనబడని పొర అంటుకుంటుంది. దాన్ని తాకిన క్రిమి తాకినచోటే చస్తుంది. కుళాయిలు పీకేశారు. ‘సూదిమర’ ప్రతి రోగికీ కొత్త సూదిమొన బిగించి ఇస్తుంది. నర్సు మణికట్టు పట్టీ మీద పచ్చదీపం వెలుగుతుంది. అది వెలిగాక ఇక ఆలోచించేదేముంది?

ఆవేశపడొద్దని, కావాలంటే పని కళ్లారా చూడమని నీలమ్మతో చెప్పింది హైమవతి. పక్క మంచం మీది ముసలాయన గొట్టానికి సిరంజి తగిలించి, వెనక్కి లాగి నెత్తురు వస్తోందని చూసి, మందు తోసింది. సూదిమర దగ్గర మొన మార్చింది. దీపం వెలిగింది. తర్వాతి రోగి కోసం అదే సిరంజిని, నెత్తురు గడ్డకట్టకుండా అందరికీ వాడే హెపారిన్ మందు సీసాలోకి గుచ్చబోతూ, నీలమ్మ చూస్తోంది కదా అని తనూ చూసింది.

సిరంజిలో లేత గులాబీ చార. ముసలాయన నెత్తురు.

దీపం పచ్చగానే ఉంది. దానికి తెలిసినవి చెయ్యి, సూదిమొన. సిరంజి సంగతి దానికెవరూ చెప్పలేదు. చూసుకోవలసిన మనుషుల్లో అనుమానమే చచ్చిపోయింది. మొన మారిస్తే చాలని హాలంతా అలవాటు పడింది. కొత్త నర్సులకు ఆ అలవాటు నేర్పింది హైమవతే.

సిరంజిని చెత్త డబ్బాలో పడేస్తే ఎవరికీ తెలియదు. నీలమ్మ సూదినే చూస్తోంది. హైమవతి చెయ్యి డబ్బా దాకా వెళ్లి ఆగింది. మూల మంచం మీద సింహాద్రి తల ఇటు తిప్పాడు. ఆమె అతని కళ్లలోకి చూడలేకపోయింది.

“కత్తి కాదు నీలమ్మా. మేమే. సూది మార్చాం, సిరంజి మార్చలేదు. ఒకరి నెత్తురు సీసాలో కలిసింది. సీసాలోది అందరికీ ఎక్కించాం.”

నీలమ్మ ఏడవలేదు. గుమ్మం దాటి లోపలికి వచ్చింది.

“నా సెవిలో సెప్తే ఏటి లాభం? ఇక్కడ సూది గుచ్చించుకున్నోళ్లందరికీ ఇయాలే నెత్తుటి పరీచ్చ సేయించండి. రోగం అంటినోళ్లకి మందు మీరే ఇవ్వండి. మడిసికో సిరంజి, మడిసికో సీసా పెట్టండి. పీకేసిన కుళాయిలు మళ్లీ బిగించండి. ముందు ఆ సిరంజి పట్టుకుని బజారుకి రండి. మా కొట్టు ముందు నిలబడి ఇదే మాట అందరికీ ఇనబడేలా సెప్పండి. పదండమ్మా.”