ఆఖరి గుంట తూము

కోవిల్‌పట్టి అవతల, నల్లరేగడి చేల మధ్య, ఊరి మురుగునీళ్ళు శుద్ధిచేసే ప్లాంటు ఒకటుంది. దాని ఆఖరి గుంట దగ్గరికి చీకటి పడ్డాక ఎవరూ పోరు. తెల్లటిదేదో నీళ్ళ మీంచి లేస్తుందట... గట్టు మీద నడుస్తుందట... మనిషిని పేరు పెట్టి పిలుస్తుందట. పలికారా, అంతే.

"నురగ అయివుంటుందిలే" అన్నాను నేనొకసారి. "పగలు చూసి పోయేవోడివి, నీకేం తెలుసు!" అని మా చిన్నమ్మ నా నోరు మూయించింది.

ఇది మా పెదనాన్న అళగర్సామికి జరిగింది. ఆయన చెప్పిందే చెబుతున్నాను.

ఆ ఏడు వాన మొహం చాటేసింది. గుంటలోని నీళ్ళు కాలువలో పడి వాగుకు పోతూనే ఉన్నాయి, పక్కన చేలు ఎండుతూనే ఉన్నాయి. విడ్డూరమే మరి! మురుగు మైల అని ఊరు కూర్చుని కట్టుబాటు పెట్టుకుంది — ఆ నీళ్ళు చేనికి కట్టినవాళ్ళ కుండ జక్కమ్మ గుడి ముందు పొంగలికి పొయ్యెక్కదు. కుండ లేదంటే కులంలో లేనట్టే. ఆ రోజు ఆ నీళ్ళు ముట్టకూడదని అందరికంటే గట్టిగా అరిచింది మా పెదనాన్నే.

అలాంటిది, ఆయన మిరపచేను ఒక్కటే పచ్చగా నిలిచింది.

తెల్లారి చూస్తే మొదళ్ళు తడిగా ఉండేవి. అమ్మవారి దయ అంది ఊరు. ఆయనా మురిసిపోయాడు. తర్వాత అనుమానం పట్టుకుంది. వాన లేకుండా బురదెక్కడిది? ఎవరో కావాలనే నీళ్ళు వదులుతున్నారు... తన కుండ దింపించడానికే. దాయాది ఈశ్వరన్ మీదకు పోయింది ఆయన బుద్ధి. ఆ మధ్య ఈశ్వరన్ మరీ నవ్వుతూ పలకరిస్తున్నాడు కూడా.

ఒకనాడు పొద్దు గుంకగానే కర్ర పట్టుకుని ఆఖరి గుంట దగ్గరికి పోయాడు. మోటారు గది గోడ పక్కన నక్కి, చేలవైపు నీళ్ళు వదిలే తూము చక్రం మీదే చూపు పెట్టి కూర్చున్నాడు.

చాలాసేపు ఏమీ లేదు. ఉన్నట్టుండి కరెంటు పోయింది. మిషన్ల రొద ఆగిపోయింది...

గట్టు మీద తెల్లగా ఏదో కదిలింది.

నడిచింది... ఆగింది... ఆయన వైపే తిరిగింది.

"ఎవురది?" అన్నాడు.

తెల్లటిది ఇంకో అడుగు దగ్గరికొచ్చింది.

"దెయ్యానివా? అయితే... నా పేరు చెప్పు చూస్తాం!"

తెల్లటిది ఆగిపోయింది. తర్వాత గుసగుసగా —

"అయ్యో... మీ పేరు నేనెట్ల చెప్పేది?"

పెదనాన్న చేతిలో కర్ర జారిపోయింది. పెళ్ళయిన నాటినుంచి మొగుడి పేరు ఎత్తని నోరది. దుప్పటి ముసుగులో మా పెద్దమ్మ అంగమ్మాళ్!

పోయిన ప్రాణం లేచొచ్చింది ఆయనకు. వెంటనే కోపమూ వచ్చింది.

"నీకేమన్నా పిచ్చా? మన కుండ పోతాదే! సాక్కడ మురుగు నీళ్ళు కట్టేది నువ్వా?"

"నేనా?" అంది పెద్దమ్మ. "తూము తీసేది మీరు గదా! ఊరి ముందర అంత అరిస్తిరి, నా దగ్గర సిగ్గుపడతారని నేను అడగలే. ఎవురన్నా చూస్తే మన కుండ పోతాదని... దినామూ ఊరి దోవ కేసి చూస్తా ఈడ కావలి నిలుస్తుండాను."

ఆ మాటకు ఆయన కళ్ళు చెమ్మగిల్లాయి. ఇంత చీకట్లో, ఈ కంపులో, తన పరువు కోసం ఒక్కతే నిలబడింది! ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"నేను ఈ పొద్దే వచ్చింది, అంగా. తూము ఎవురు తీస్తారో పట్టుకోవాలని."

"మరి ఇప్పుడు తీసిందెవురు?"

"తీసేదేంది? పొద్దు గుంకినప్పట్నుంచీ దాన్నే చూస్తుండాను. ఎవురూ రాలే."

పెద్దమ్మ ఆయన చెయ్యి గట్టిగా బిగించి, కిందికి చూపించింది.

కాలువ నిండా నీళ్ళు... చప్పుడు లేకుండా... వాళ్ళ మిరపచేలోకి మళ్ళుతున్నాయి.