పియానో కింద బేసిను

ఆళ్లగడ్డలో రుద్రవరం రోడ్డున జీవమ్మ టీచర్ ఇల్లుంది చూడండి... పొద్దుగూకినాక ఆ ఇంటి ముందు ఆటో ఆపమన్నా ఎవరూ ఆపరు. టీచర్ పోయి రెండేళ్లయింది. కరెంటు కోసేసినారు, తలుపుకు తాళం. అయినా ఎండాకాలం రాత్రిళ్లు లోపల పియానో మోగుతుందంటారు. ఒకే ఒక్క తీగ. టంగ్... అంతే. మళ్లీ ఏమీ ఉండదు.

లూదియాకు దెయ్యాల భయం లేదు. ఆమె బాధ వేరు.

టీచర్ దగ్గరే నేర్చుకొని, చర్చిలో ఇరవై ఏళ్లుగా కీబోర్డు వాయించేది ఆమే. టీచర్ మంచాన పడితే ఆర్నెల్లు గంజి తాగించిందీ ఆమే. పియానో మాత్రం ఫెబాకు పోయింది. టీచర్ దగ్గర మూడేళ్లు మాత్రమే నేర్చుకున్న పిల్ల! నంద్యాలలో ఏదో స్కూల్లో పాఠాలు చెప్పుకుంటుంది. "టీచరమ్మ నాకే ఇచ్చిపోయినాది అక్కా" అని సమాధి మీద మన్ను ఆరకముందే చెప్పింది. ఆ మాట అప్పట్నుంచి లూదియా గొంతులో అడ్డంపడి ఉంది.

ఫెబాది మూడో అంతస్తులో అద్దె ఇల్లు. అంత బరువు పైకెక్కించలేక పియానోను ఈడనే ఉంచింది. ప్రతి ఆదివారం వచ్చి, పడమటి కిటికీకి మందపాటి దుప్పటి కట్టి, గాలికి తేమ తగలాలని పియానో కింద బేసిను నిండా నీళ్లు పెట్టి పోయేది. పాత చెక్క కదా... వేడికి, పొడిగాలికి ఎండి చీలుతుంది. తీగలు వదులవుతాయి. టీచర్ ఇద్దరికీ చెప్పిన సంగతే అది.

ఆ సంగతి తెలుసు గనకే లూదియా మొదలుపెట్టింది.

టీచర్ జబ్బుపడినప్పుడు ఇచ్చిన తాళంచెవి ఒకటి ఆమె దగ్గరే ఉండిపోయింది. ప్రతి మంగళవారం ఉపవాస ప్రార్థన ముగిసినాక, కట్టుకున్న తెల్లచీరతోనే పోయి బేసిను పెరట్లో కుమ్మరించేది. దుప్పటి లాగి మూలకు విసిరేది. ఎండే మిగతా పని చూసుకుంటుంది. ఆదివారం చర్చిలో ఫెబా ముఖం పాలిపోయి కనిపిస్తే... లూదియా వేళ్లకు ఎక్కడలేని హుషారొచ్చేది.

మే నెలలో ఒక మంగళవారం రాత్రి.

తలుపు తీసింది. లోపల చీకటి. పొయ్యి ముందు నిలబడినట్టు వేడి. రెండడుగులు వేసిందో లేదో —

టంగ్...

నిలబడిపోయింది. పగలంతా కాగిన చెక్క చల్లబడి తీగ జారుతోంది, ఇంకేం లేదు... అని తనకు తానే చెప్పుకుంది. దుప్పటి కోసం చెయ్యి చాచింది.

వెనక... ఎవరో ఊపిరి పీల్చినారు.

"టీచరమ్మా..."



"నీళ్లు పారబోస్తాండేది మీరే కదా... తాళం వేసింది వేసినట్టే ఉంటాది, దుప్పటి కింద పడుంటాది... చూడాలనే ఈ పొద్దు పెరటి తలుపున వచ్చి కూర్చున్నా. నా మీద కోపమా టీచరమ్మా?"

ఫెబా గొంతు! మూలన గోడకు ఒదిగి కూర్చుంది. లూదియాకు అర్థమైంది. టీచర్ ఏనాడూ తెల్లచీర తప్ప కట్టలేదు. ఈ పిల్ల తనను చూసి టీచరే అనుకుంటోంది. లూదియాకు నవ్వు రాబోయింది...

"పియానో లూదియక్కకే ఇయ్యమని మీరు నా చేతికి కాగితం రాసిచ్చినారు. నేనే చించేసినా." వెక్కిళ్లు. "ఆయక్క వాయిస్తే అందరూ కండ్లు మూసుకొని వింటారు. నేను వాయిస్తే ఫోన్లు చూసుకుంటారు. ఓర్చుకోలేకపోయినా... రేప్పొద్దున్నే ఆయక్కకు చెప్పేస్తా. నన్నొదిలిపెట్టండి..."

లూదియా పియానో వైపు తిరిగింది.

తనది. ఈ రెండేళ్లూ... తనదే.

అప్పుడు మోగింది. ఈసారి తీగ కాదు. ఎండిన వెదురు నిలువునా చీలినట్టు — ఫటేల్! దాని వెంటే లోపలున్న తీగలన్నీ ఒక్కసారిగా వణికినాయి.

ఫెబా కెవ్వుమంది.

లూదియా చీకట్లో పడుతూ లేస్తూ పియానో దగ్గరికి పోయింది. బేసిను తగిలింది. కొంగు నీళ్లలో ముంచి, వెనక పలకను తడుముకుంటూ, తడిగుడ్డను చెక్కకు అదిమి పట్టింది. తడిపితే చీలిక అతుక్కోదని ఆమెకు తెలుసు. తెలిసీ అదుముతూనే ఉంది.

వెనకనుంచి ఫోను వెలుగు ఆమె వీపు మీద పడింది.

"అక్కా... నువ్వా?"

లూదియా తిరగలేదు. తడికొంగు కింద ఆమె వేళ్లకు చీలిక తగులుతోంది. ఎంత కిందికి జరిపినా... ఇంకా ఉంది.