తూనీగ చెప్పిన దూరం

"రేపు ఉదయం శాస్త్రవేత్త హోటల్ ముందు కారు దిగుతాడు. దిగగానే దర్జీ కాలుస్తాడు. వాడు కాల్చేలోపే వాణ్ణి నువ్వు కాల్చాలి. ప్రశ్నలున్నాయా?" అన్నాడు చీఫ్.

"లేవు సార్."

ఉన్నా అడిగే రకం కాదతను. డిపార్ట్‌మెంట్‌లో అందరూ అతన్ని సున్నా అంటారు. కొత్త రైఫిల్ ఏది వచ్చినా, గురిపెట్టిన చోటే గుండు తగిలేలా దాని దుర్భిణిని, అదే స్కోప్‌ను జీరో చేసేది అతనే. ఫోన్ చేస్తే ఇంట్లో ఎత్తే దిక్కు కూడా లేదు కనుక ఆ పేరు రెండు రకాలుగా సరిపోయిందని క్యాంటీన్‌లో జోకు. అతనూ నవ్వేవాడు. గదికి వెళ్లాక మాత్రం నవ్వు వచ్చేది కాదు.

దర్జీ అంటే బట్టలు కుట్టేవాడు కాదు, విదేశీ ముఠా పంపిన కిరాయి హంతకుడు. కొలతలు తీసుకోకుండా తుపాకీ ముట్టడు. హోటల్లో ఏ గదిలోంచి కాలుస్తాడో చివరి నిమిషం దాకా ఎవరికీ చెప్పడు. ఆ కబురు అందించాల్సింది తూనీగ అనే మన గూఢచారిణి. ఆ హోటల్లో పాటలు పాడుతుంది, ముఠావాళ్లతో షికార్లు తిరుగుతుంది, వాళ్ల గుట్టు మనవాళ్లకు చేరవేస్తుంది. ఆమె నడిచొస్తుంటే వెయిటర్లు చేతిలో ట్రేలు మర్చిపోతారట. సున్నా ఆమెను ఎన్నడూ చూడలేదు. రెండేళ్లుగా అతనికి తెలిసింది ఇయర్‌పీస్‌లో వినిపించే గొంతొక్కటే. "మీరు తిన్నారా?" అని అడిగే మనిషి లోకంలో అతనికి ఆమె ఒక్కతే.

తూనీగ నోట ఎవరికైనా 'మీరే'. హోటల్ పిల్లిని కూడా మన్నించి మాట్లాడుతుంది. "భయమేస్తే మాత్రం మర్యాద ఎగిరిపోతుందండీ. చిన్నప్పుడు కుక్క వెంటపడితే మా హెడ్మాస్టర్ని పట్టుకుని, నువ్వు తలుపు తియ్యి అని అరిచాను" అంటూ ఒకసారి నవ్వింది. ఆ నవ్వు అతనికి చాలా రోజులకు సరిపోయింది.

మర్నాడు లిఫ్ట్ మెకానిక్ వేషంలో ఎదురు వీధి ఆఫీసు బిల్డింగ్ ఎక్కి, పైనున్న మోటారు గదిలో దూరాడు. టూల్‌బాక్సులోని ముక్కలు బిగిస్తే రైఫిల్ అయింది. స్కోప్ వంద మీటర్లకు జీరో చేసి ఉంది. దూరం పెరిగేకొద్దీ గుండు కిందకు జారుతుంది. ఆ జారుడుకు సరిపడా స్కోప్ మీది నాబ్ తిప్పాలి. ఎన్ని క్లిక్కులు తిప్పాలో దూరం తెలిస్తే గానీ చెప్పలేం. హోటల్‌కేమో ఒకదాని వెనక ఒకటి రెండు బ్లాకులు. మంచులో రెండింటి బాల్కనీలూ ఒకే వరుసలో ఉన్నట్టు కనిపిస్తున్నాయి. లేజర్‌తో కొలుద్దామంటే దాన్ని పసిగట్టే పరికరం దర్జీ దగ్గరుంది.

చెవిలో గరగర, వెంటనే తూనీగ గొంతు.

"ఆకుపచ్చ తెర ఉన్న బాల్కనీ. ముందు బ్లాకు. నాలుగొందల యాభై మీటర్లు. నువ్వు త్వరగా తిప్పు."

నువ్వు!

సున్నా గుండె ఝల్లుమంది. మనసుకు మనసు దగ్గరైతేనే కదా ఆ మాట వచ్చేది! టకటకా క్లిక్కులు తిప్పేశాడు. పని అయ్యాక కాఫీకి పిలవాలి, నీలం చొక్కా ఇస్త్రీ చేయించాలి అనేదాకా వెళ్లాడు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం.

కింద కారు వచ్చి ఆగింది. తెర పక్కన దర్జీ తల కనిపించింది. సున్నా వేలు ట్రిగ్గర్ మీదకు చేరింది. సరిగ్గా అప్పుడు, పిలవని పేరంటంలా హెడ్మాస్టరు గుర్తొచ్చాడు.

అది చనువు కాదు, భయం. తూనీగ దొరికిపోయింది!

స్కోప్ అద్దంలో సన్నని గీతలుంటాయి. రెండు బ్లాకుల్లోనూ బాల్కనీ తలుపుల ఎత్తు ఒకటే. నాలుగొందల యాభై మీటర్లయితే ఆ తలుపు ఐదు గీతల మేర కనిపించాలి. నాలుగు కూడా నిండలేదు. అంటే అది వెనక బ్లాకు, ఆరొందల మీటర్లు. ఇలాగే కాలిస్తే గుండు ఇంచుమించు మీటరు కిందకు పోతుంది.

అక్కడేముంది? స్కోప్‌ను కిందకు దించాడు. దర్జీ ముందు ఒక కుర్చీ, కుర్చీకి కట్టేసిన ఆడమనిషి. ఆమెను సున్నా చేత్తోనే చంపించి, ఆ తర్వాత తాపీగా శాస్త్రవేత్తను కాల్చాలని దర్జీ లెక్క.

కారు తలుపు తెరుచుకుంది. శాస్త్రవేత్త కాలు నేల మీద పడింది. క్లిక్, క్లిక్, క్లిక్... సున్నా వేళ్లు నాబ్ మీద పరుగెత్తాయి. దర్జీ చెంప రైఫిల్‌కు ఆనింది.

ఢాం!

దర్జీ భుజం పట్టుకుని వెనక్కి కూలాడు. శాస్త్రవేత్త టై సర్దుకుంటూ లోపలికి వెళ్లిపోయాడు. అతనికి ఏమీ తెలియదు. సున్నా పంపిన కబురుతో కమాండోలు గదిలోకి దూసుకొచ్చి ఆమె కట్లు విప్పుతుంటే సున్నా స్కోప్‌లోంచి చూస్తూ ఉండిపోయాడు. చెయ్యి చాస్తే అందేలా ఉంది. అందదని ఇప్పుడే కొలిచాడు.

"మీకేం కాలేదు కదా?" ఇయర్‌పీస్‌లో ఆమె గొంతు.

"లేదండీ. మీకు?"

"బతికే ఉన్నాను. వాడు తలకు తుపాకీ పెట్టి చెప్పించాడండీ. దూరం అబద్ధమని మీకెలా తెలిసింది?"

"తలుపు కొలిచాను."

సున్నా నాబ్ మళ్లీ వంద మీటర్ల దగ్గరకు తిప్పాడు.

"ఇందాక కంగారులో మిమ్మల్ని నువ్వు అనేశాను. ఏమీ అనుకోకండి."

"అయ్యో, నేనేమీ అనుకోలేదండీ" అన్నాడు సున్నా.

ఎన్నో మారువేషాల్లో ఎందరినో బురిడీ కొట్టించిన ఆ నోరు అంత పెద్ద అబద్ధం అంతకుముందెన్నడూ ఆడలేదు.