ఇనుప పెట్టెలో చప్పుడు

మధ్యాహ్నం రెండు దాటింది. వంటింటి బల్ల మీద మదర్‌బోర్డు, ర్యామ్, హార్డ్ డిస్కు, చిన్న ఫ్యాను పరిచి ఉన్నాయి. పక్కనే మూత తెరిచిన ఇనుప పెట్టె. ఒకప్పుడు దాంట్లో ఒక ప్లంబరు తన సామాన్లు పెట్టుకునేవాడు. ఇప్పుడు దాని మూతలో సన్నటి మానిటరు బిగించి ఉంది.

"ఊపిరి బిగపట్టకు, చెయ్యి వణుకుతుంది" అన్నాడు బాబాయి. ఆయన కంప్యూటర్లు రిపేరు చేస్తాడు.

"వణకట్లేదు" అంది పిడుగు. పదేళ్ల ఆ పిల్లను స్కూల్లో తప్ప ఎవరూ అసలు పేరుతో పిలవరు.

బల్ల మీదున్నవన్నీ తాతయ్య కంప్యూటరువే. ఆయన బస్సు కండక్టరుగా పనిచేశాడు. వెనక సీటు దాకా వినిపించే గొంతు. రెండేళ్ల కిందట ఆపరేషన్ తర్వాత ఆ గొంతు పోయింది. ఇప్పుడు పెద్ద కీబోర్డు మీద టైపు చేస్తే కంప్యూటరు ఆ మాటలు పైకి చదువుతుంది. కాని అది గది దాటి రాదు. బయట ఆయనకు పలకే దిక్కు.

తాతయ్య అక్కకు పలక పనికిరాదు. ఆమెకు చూపు పోయింది. ఇంట్లో అందరూ ఆమెను మామ్మ అంటారు. ఫోనులో కంప్యూటరు గొంతు వినిపిస్తే, "ఇదెవరిదో మిషను" అని పెట్టేసేది. "వాడి చెయ్యి నా చేతిలో ఉండాలి. అప్పుడు ఏ గొంతైనా వాడిదే అనుకుంటా" అంది చివరికి. అందుకే కంప్యూటరును ఈ పెట్టెలో బిగించి ఆమె ఊరికి తీసుకెళ్లడం. నాలుగింటి బస్సుకు ప్రయాణం.

బాబాయికి ఒక పద్ధతి ఉంది. విప్పిన ప్రతి స్క్రూనూ గుడ్ల ట్రేలో వేస్తాడు. బిగించేటప్పుడు అందులోంచే తీయాలి. ట్రే ఖాళీ అయ్యాకే మూత వేయాలి.

"ఇంట్లో కూర్చునే కంప్యూటరు వేరు, బస్సెక్కే కంప్యూటరు వేరు" అనేవాడు. "లోపల ఒక్క స్క్రూ వదులుగా ఉన్నా తిరుగుతుంది. తగలకూడని చోట తగిలిందా, బోర్డు కాలిపోతుంది."

ఆఖరి స్క్రూ పిడుగు వేళ్ల మధ్య నుంచి జారింది. టిక్కుమంటూ బోర్డు కిందికి పోయింది.

అప్పుడు బాబాయి ఫోను మాట్లాడుతూ వరండాలో ఉన్నాడు. వెతకాలంటే బోర్డంతా విప్పాలి. గంటకు పైగా పని. బస్సు వెళ్లిపోతుంది. పిడుగు పాత స్క్రూల డబ్బాలో వెతికి, అలాంటిదే ఇంకొకటి తీసి బిగించేసింది.

"ట్రే ఖాళీయేనా?" బాబాయి లోపలికి వచ్చి అడిగాడు.

"ఖాళీయే."

అది నిజమే. అయినా పిడుగు ఆయన కళ్లలోకి చూడలేకపోయింది.

తాతయ్య వచ్చి టైపు చేశాడు. "టికెట్, టికెట్" అంది పెట్టె. బాబాయి నవ్వాడు. పిడుగుకు నవ్వు రాలేదు.

మూడున్నరకు బాబాయి పెట్టె ఎత్తాడు. లోపల సన్నగా గలగలమంది. వీధిలో ఆటో హారన్ మోతకు ఆ గలగల ఆయనకు వినిపించలేదు. తాతయ్య ఉతికిన చొక్కా వేసుకుని, గుమ్మం దగ్గర వంగి చెప్పులు తొడుక్కుంటున్నాడు.

ఆ బోర్డు కాలిపోతే మామ్మ దగ్గరే కాదు, ఇంట్లో కూడా తాతయ్యకు మాట ఉండదు.

"బాబాయ్, దాన్ని కింద పెట్టు."

"టైమవుతోందే."

"పెట్టు బాబాయ్. లోపల స్క్రూ ఉంది. నేనే పడేశాను. పాత డబ్బాలోది తీసి బిగించాను."

బాబాయి పెట్టె దించాడు. "ఇంతసేపూ చెప్పడానికి నోరు లేదా నీకు?"

అన్నాక ఆయన చూపు తాతయ్య మీద పడింది. తల దించుకున్నాడు.

తాతయ్య నెమ్మదిగా చెప్పులు విడిచాడు. పలక తీసుకుని ఒక్క మాట రాశాడు.

"విప్పండి."

స్క్రూ బోర్డు అడుగున దొరికింది. దాని మొన రెండు టంకం చుక్కల పక్కనే ఆగి ఉంది. ఇంకాస్త జరిగితే రెండింటినీ తాకేది. బాబాయి దాన్ని చూసి పెదవి కొరుక్కున్నాడు. అప్పటికి నాలుగున్నర. ఇంక బస్సు రేపు పొద్దున్నే.

"మామ్మకు ఏమని చెప్పను? బస్సు రాలేదంటాలే" అన్నాడు బాబాయి.

"నేను చెప్తాను" అని పిడుగు ఫోను తీసుకుంది.

"మామ్మా, పిడుగుని. మేం ఇవాళ రావట్లేదు. నేను స్క్రూ పడేసి దాచేశాను. అందుకే ఆలస్యం."

మామ్మ ముందు ఒక్కటే అడిగింది.

"ఏడుస్తున్నావా?"

"లేదు."

"నాకు కనపడదు గాని వినపడుతుందే తల్లీ. రెండేళ్లు ఆగినదాన్ని, ఈ ఒక్క రాత్రికి ఏం పోయింది? రేపు తీసుకురండి వాణ్ణి."

మళ్లీ అన్నీ బిగించారు. బాబాయి పెట్టెను అటూ ఇటూ ఊపాడు. చప్పుడు లేదు.

"మూత వేసేద్దామా?"

"ఆగు బాబాయ్" అంది పిడుగు. "ఫ్యాను దగ్గర స్క్రూ నేను వంకరగా తిప్పాను. బిగిసినట్టే ఉంది, కాని బిగియలేదు."

బాబాయి ఆమె వైపు చూశాడు. స్క్రూడ్రైవరు ఆమె చేతికిచ్చి, దీపాన్ని దగ్గరగా పట్టుకున్నాడు.