హోల్డ్ నిలవని కంటైనర్

ఓడరేవు కంటైనర్ ఆఫీసులో ఆ సపోర్ట్ ఇంజనీర్‌ను చంపాలని అనుకోని మనిషి లేడు. కొత్త డేటాబేస్ సాఫ్ట్‌వేర్ వచ్చినప్పటి నుంచి ఆ మాట అందరూ పైకే అంటున్నారు. వీడి పీక పిసికితే గానీ నా స్క్రీన్ కదలదని ఒకరు, వీణ్నీ వీడి కంప్యూటర్నీ కలిపి కిటికీలోంచి విసిరెయ్యాలని ఇంకొకరు. అందుకే భోజనాల వేళ అతను లిఫ్టులో గోడకి జారగిలబడి, తెరిచిన కళ్లతో చచ్చి కనిపించినప్పుడు అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

గుండెపోటు అన్నారు. రహస్య విభాగం ల్యాబ్ మాత్రం మెడ వెనక దోమ కుట్టినంత మచ్చను చూసింది. ఆ మచ్చలో విషం ఉంది.

"అతని స్థానంలో నువ్వు వెళ్తున్నావు," అన్నాడు చీఫ్.

ఎదుట కూర్చున్న ఏజెంట్‌ను విభాగంలో అందరూ ముంగిస అంటారు. విషపు మనుషుల్ని వెతికి పట్టడంలో అతనికి పేరుంది.

"ఆ ఆఫీసు నిండా బగ్స్ ఉన్నాయి. జాగ్రత్త."

"దాచిపెట్టిన మైక్రోఫోన్లా సార్? డిటెక్టర్ తీసుకెళ్తాను."

"మైక్రోఫోన్లయితే నయమే కదయ్యా! సాఫ్ట్‌వేర్ బగ్స్. అప్‌గ్రేడ్ చేశాక పుట్టుకొచ్చాయి."

చీఫ్ బ్రీఫింగ్ ఎప్పటిలాగే తెగ్గొట్టినట్టు సాగింది. ఒక విదేశీ ముఠా. ఒక కంటైనర్. లోపల పెద్ద వంతెనను కూల్చేంత పేలుడు పదార్థం. కంటైనర్ నంబర్ తెలియదు. అనుమానం కలిగిన ప్రతి కంటైనర్‌కూ ఆ ఆఫీసు 'హోల్డ్' పెడుతుంది. హోల్డ్ ఉన్నంతసేపు గేటు దగ్గర బార్ లేవదు. తనిఖీ అయ్యాకే దాన్ని తీసేస్తారు. ముఠాకు తనిఖీ లేకుండా సరుకు బయటపడాలి.

"ముఠా లోపల మన మనిషి ఒకామె ఉంది. సాఫ్ట్‌వేర్ కంపెనీలో ప్రాజెక్ట్ హెడ్. ఆమె తమ మనిషే అని వాళ్ల నమ్మకం. కోడ్ వర్డ్ రాసుకోకు, గుర్తుపెట్టుకో. నువ్వు 'పాత వెర్షనే బాగుండేది' అనాలి. ఆమె 'పాతది పాతిపెట్టేశాం' అంటుంది."

"వినేవాళ్లకి అనుమానం రాదా సార్?"

"రాదు. వెళ్లాక నీకే తెలుస్తుంది."

పరికరాల విభాగం రెండు వస్తువులు ఇచ్చింది. ఒకటి చెవిలో ఇమిడిపోయే రిసీవర్. బయటి నుంచి ఎవరైనా దొంగచాటుగా డేటాబేస్‌లో చేయి పెడితే అది కీచుమంటుంది. రెండోది మెడలో వేసుకునే ఐడీ ట్యాగ్. దాని అంచు నొక్కితే బయట కాపు కాసిన దళానికి సిగ్నల్ వెళ్తుంది. మారువేషానికి పెద్దగా కష్టపడలేదు. నలిగిన చొక్కా, వీపున బ్యాగు, కొన్నాళ్లుగా గీయని గడ్డం.

ఆ హాలు పొడుగ్గా, ట్యూబ్‌లైట్ల వెలుగులో పాలిపోయి ఉంది. ఒక వైపంతా అద్దం కిటికీలు. కింద క్రేన్లు, వరసకట్టిన ట్రైలర్లు, ఆ చివర ఎరుపు తెలుపు చారల బార్ ఉన్న గేటు. ముంగిస తలుపు తోయగానే టకటకలు ఆగిపోయి తలలన్నీ ఇటు తిరిగాయి.

"వచ్చాడండీ ఇంకొకడు!"

తుపాకీ గుళ్ల మధ్య నడిచిన మనిషికి ఆ చూపుల మధ్య అడుగు తడబడింది.

ఓడల సెక్షన్ గుమాస్తా అతని ట్యాగ్ పట్టి దగ్గరికి లాగాడు. "సేవ్ కొడితే రెండుసార్లు సేవ్ అవుతోంది. ఒక ఓడ రెండు ఓడలైంది. ఆ రెండోది ఎక్కడుందని మా ఆఫీసర్ నన్ను నిలదీస్తున్నాడు. సముద్రంలో దూకి తెమ్మంటావా?"

"నా సంగతి విను ముందు," అని పక్క సీటామె లేచింది. "తేదీ కొడితే నెల తిరగబడుతోంది. రేపు రావాల్సిన సరుకు కిందటేడే వచ్చిపోయిందంటోంది. పాత వెర్షనే బాగుండేది!"

ముంగిస ఉలిక్కిపడ్డాడు. తను అనాల్సిన మాట ఈమె నోటెలా వచ్చింది? ఇంతలో వెనక నుంచి ఇంకో గొంతు, "అదే నేనూ అనేది, పాత వెర్షనే బాగుండేది." కిటికీ పక్క నుంచి మరొకటి. చూస్తుండగానే హాలు హాలంతా అతని కోడ్ వర్డ్‌ను అప్పజెప్పేసింది. అనుమానం రాదని చీఫ్ ఎందుకన్నాడో అతనికి బోధపడింది.

అద్దాల గదిలోంచి హోల్డ్ సెక్షన్ సూపరింటెండెంట్ బయటికొచ్చింది. నెరిసిన జుట్టు, నుదుటి మీదికి నెట్టిన కళ్లజోడు. నోరు తెరిస్తే నిప్పులు కురిపిస్తుందని వెనకాల అందరూ ఆమెను నిప్పుకోడి అంటారు. ముందు అనే ధైర్యం ఎవరికీ లేదు.

"ఏం బాబూ, చచ్చినవాడి కుర్చీలో కూర్చోడానికి వచ్చావా?"

"అవునండీ."

"అతను కనీసం చెప్పింది వినేవాడు. ఆ రోజు పొద్దున కూడా వాయించాను. మధ్యాహ్నానికి మనిషే లేడు." ఒక్క క్షణం ఆమె గొంతు దిగి, వెంటనే మళ్లీ లేచింది. "ఇంట్లో మా ఆయన, నిద్రలో కూడా ఎంటర్, ఎంటర్ అని కలవరిస్తున్నావంటున్నాడు. మా అత్తగారైతే నన్ను డాక్టర్‌కి చూపించమంటోంది. ఇదంతా ఎవరి పుణ్యం? మీదే కదా! ముందు నా హోల్డ్ సంగతి..."

"ఇవి బగ్స్ కావండీ. కొత్త సిస్టమ్‌కి మీరింకా అలవాటు పడాలి."

ఆ తియ్యటి గొంతుతో పాటు పరిమళం కూడా వచ్చింది. మీగడ రంగు సూటు, ఎత్తు మడమల చెప్పులు, చేతిలో శిక్షణ క్లాసుల్లో వాడే వెండి రంగు లేజర్ పాయింటర్. ప్రాజెక్ట్ మేడమ్. పళ్లు కొరికిన చప్పుడు హాలంతా వినిపించింది.

"పాత వెర్షనే బాగుండేది మేడమ్," అన్నాడు ముంగిస.

ఆమె పెదవి చివర నవ్వు మెరిసింది. "పాతది పాతిపెట్టేశాం."

పై అంతస్తులోని తన గదిలో ఆమె తెరలు దించింది. "కంటైనర్ రేపు దిగుతుంది. నంబర్ తెలియగానే నీకు చెప్తాను. ఆ ఇంజనీర్ని ఎవరు చంపారో నాకు తెలీదు. నాతో ఒక్క మాట కూడా మాట్లాడి ఎరగడు పాపం. నువ్వు సర్వర్ రూమ్ జోలికి మాత్రం పోకు. ముఠాకి అనుమానం వస్తే నా ప్రాణం పోతుంది."

ముంగిస తలాడించాడు. నమ్మాడు కూడా.

మర్నాడు పొద్దుటి పూటంతా తిట్లు తింటూనే గడిచింది. ముంగిస ఒక్క బగ్ కూడా బాగుచేయలేకపోయాడు, ఎందుకంటే ఎలా బాగుచేయాలో అతనికి తెలియదు. మధ్యాహ్నం ఎవరో విసురుగా తోసిన కుర్చీ అతని మోకాలికి తగిలింది. క్షమాపణ చెప్పింది అతనే. సరిగ్గా అప్పుడే చెవిలో రిసీవర్ కీచుమంది.

అద్దాల గదిలోంచి కేక. "మళ్లీ పోయింది!"

ముంగిస పరిగెత్తాడు. "ఏం పోయిందండీ?"

"హోల్డ్! ఎరువులని రాసిన కంటైనర్. కాగితాల్లో బరువుకీ, క్రేన్ చూపించిన బరువుకీ పొంతన లేదు. హోల్డ్ పెట్టాను. దానంతటదే ఎగిరిపోయింది."

"ఇంతకుముందు కూడా ఇలా అయిందా?"

"ఆ సరుకుదారుడిదే ఇంకో కంటైనర్‌కి అయింది. ఆ ఇంజనీర్‌కి చెప్పాను. అతను చూసి, 'ఇది బగ్ కాదండీ, ఎవరో కావాలని తీస్తున్నారు, పైకెళ్లి మేడమ్‌కి చెప్పొస్తా' అని లిఫ్టు ఎక్కాడు. అంతే."

"ఏ మేడమ్‌కి?"

"మీ ప్రాజెక్ట్ మేడమ్‌కే! పైన ఇంకెవరున్నారు?"

ఒక్క మాట కూడా మాట్లాడి ఎరగడు. నిన్న తన గదిలో ఆమె అన్న ఆ మాట ముంగిసకు గుర్తొచ్చింది.

"ఈ సంగతి పోలీసులకి చెప్పలేదా?"

"చెప్పానయ్యా! సాఫ్ట్‌వేర్ మీద కోపంతో అంటున్నావమ్మా అన్నారు."

కిటికీలోంచి చూస్తే, వరసలోంచి విడివడిన ఒక నీలం ట్రైలర్ గేటు వైపు కదులుతోంది. సూపరింటెండెంట్ దాన్ని చూపిస్తూనే మళ్లీ హోల్డ్ కొట్టింది. చెవిలో కీచుమంది. హోల్డ్ మాయం. ముంగిస గేటుకి ఫోన్ చేశాడు.

"సిస్టమ్‌లో క్లియర్ అని ఉంటే పంపమని ఆర్డరు," అన్నాడు గార్డు. "ఇంజనీర్లు ఫోన్ చేస్తే నమ్మొద్దని మేడమ్ పొద్దున్నే చెప్పారు." లైన్ కట్టయింది.

వెనక తలుపు మూసుకున్న చప్పుడు. మీగడ రంగు సూటు తలుపుకి ఆనుకుని నిలబడింది. లేజర్ పాయింటర్ కొసన సూది తళుక్కుమంది.

"సర్వర్ రూమ్ జోలికి పోవద్దన్నాను. ఈవిడ జోలికి పోవద్దని చెప్పడం మర్చిపోయాను."

ముంగిస ట్యాగ్ అంచు నొక్కాడు. "అయితే మొదటి నుంచీ నువ్వు వాళ్ల మనిషివే. ఇన్ని బగ్స్ కూడా కావాలనే వదిలారా?"

"మరి? అందరూ అన్నిటికీ అరుస్తుంటే ఈవిడ ఒక్క అరుపు ఎవరికి వినపడుతుంది?"

మాట పూర్తవకుండానే సూది అతని గొంతు మీదికి దూకింది. ముంగిస బల్ల మీది పాత కీబోర్డును పెరికి అడ్డం పెట్టాడు. సూది మీటల మధ్య దిగబడింది. అతను కీబోర్డును మెలితిప్పాడు, పాయింటర్ విరిగింది. మరుక్షణం ఆమె చేతులు వెనక్కి విరిచిపట్టి గోడకి అదిమాడు. ఆమె మాత్రం నవ్వింది.

"నన్ను పట్టుకున్నావు, బాగానే ఉంది. హోల్డ్ తీసేది నేను కాదు, బయట కూర్చున్న మావాళ్లు. కంటైనర్ని ఎవరు పట్టుకుంటారు?"

ట్రైలర్ గేటు ముందుకు చేరింది. గార్డు స్క్రీన్ చూసి డ్రైవర్‌కి చెయ్యి ఊపాడు.

సూపరింటెండెంట్ ఒక్క తన్నుతో తలుపు తీసింది. "అందరూ వినండి! ఆ ఎరువుల కంటైనర్ రికార్డు తెరవండి. అందరూ! ఒకేసారి ఎడిట్ కొట్టండి!"

"అక్కా, ఇద్దరు తెరిస్తేనే సిస్టమ్ మొత్తం హ్యాంగై చస్తుంది కదా!"

"చావనీ! సిస్టమ్ చస్తే గేటు బార్ కూడా లేవదు!"

హాలంతా కీబోర్డుల మీద పడింది. ఓడల గుమాస్తా ఎంటర్ మీటను పిడికిలితో గుద్దాడు. తేదీలామె అయితే పళ్లు బిగబట్టి, ఎవరినో లెంపకాయ కొట్టినట్టు కొట్టింది. ఇన్నాళ్లుగా లోపల ఉడికిన కసి అంతా ఒకే రికార్డు మీద విరుచుకుపడింది.

ఒకదాని వెంట ఒకటి స్క్రీన్లు బిగుసుకుపోయాయి.

కింద, అప్పుడే పైకి లేవడం మొదలెట్టిన బార్ ఒక్కసారి వణికి, ట్రైలర్ ముందు అద్దానికి ఎదురుగా ఆగిపోయింది. గార్డు మీట నొక్కాడు, మళ్లీ నొక్కాడు. కదల్లేదు. డ్రైవర్ తలుపు తీసుకుని దూకి పరిగెత్తాడు. మూల మలుపు దాటకముందే రహస్య విభాగం మనుషులు అతని మీద పడ్డారు.

ముంగిస చెవిలో కీచు ఆగిపోయింది. ప్రాజెక్ట్ మేడమ్ మొహంలో నవ్వు కూడా.

సంకెళ్లతో ఆమెను హాలు మధ్యలోంచి నడిపించుకెళ్తుంటే సూపరింటెండెంట్ ఎదురెళ్లి నిలబడింది. "ఆ ఇంజనీర్ పిల్లాడికి చెల్లెలు ఒక్కతే ఉంది. అతన్ని చంపావే, దానికీ మేం అలవాటు పడాలా?" అంది. మేడమ్ తల దించుకుంది.

కాసేపటికి చీఫ్ ఫోన్. "బయట కూర్చున్నవాళ్లు కూడా దొరికారు. శభాష్! ఆమెను మన మనిషని నమ్మింది నేనే, ఆ సంగతి తర్వాత మాట్లాడుకుందాం. కారు పంపాను. ఎంతసేపట్లో వస్తావ్?"

ముంగిస తలుపు వైపు చూశాడు. తలుపుకి అడ్డంగా ఓడల గుమాస్తా చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. బయట ఆగిపోయిన ట్రైలర్ల హారన్లు చెవులు చిల్లులు పడేలా మోగుతున్నాయి. హాలులో ఒక్క స్క్రీన్ కూడా ప్రాణంతో లేదు. సూపరింటెండెంట్ ఒక కుర్చీని ఈడ్చుకొచ్చి అతని ముందు వేసింది.

"నువ్వు గూఢచారివో ఇంకెవరివో మాకనవసరం బాబూ. కూర్చో. సిస్టమ్ లేపు."

"నాకు డేటాబేస్ రాదండీ, నిజంగా!"

"మాకెప్పుడూ రానివాళ్లనే పంపిస్తారు. కూర్చో!"

ముంగిస కూర్చున్నాడు. చుట్టూ మనుషులు దగ్గరికి జరిగారు. అతను ఫోన్‌ను అరచేతిలో దాచుకుని గొంతు తగ్గించాడు.

"సార్, బందీలను విడిపించే దళం ఒకటి ఉంది కదా మనకి... వాళ్లిప్పుడు ఖాళీగానే ఉన్నారా?"